వోటునకు పట్టాయే ప్రమాణమా?

రాబోవు సర్వసభ్య సమావేశమున కౌలుదారులను, స్వయముగ సేద్యము చేయు స్త్రీలను మన సంఘమున సభ్యులుగ చేర్చుకొనవలెనను తీర్మానము చర్చకు రానున్నది. “భూమి లేనివానికి సంఘములో వోటేల?” అని కొందరు పెద్దలు అడుగుచున్నారని వింటిమి. ఈ ప్రశ్న చాల పాతది.

ఇంగ్లండులో 1832వ సంవత్సరపు చట్టము ఏటికి 50 పౌనుల కౌలు చెల్లించు రైతులకు వోటు నిచ్చెను. అయిన నేమి? ఆ దినములలో వోటును అందరియెదుట నోటితో చెప్పవలసియుండెను. భూస్వామి మనుష్యులు వినుచుండగా కౌలుదారుడు తన మనసులోని పేరు చెప్పగలడా? చెప్పినచో మరుసటి యేడు కౌలు నిలుచునా? రహస్యపు చీటీ 1872లో గాని రాలేదు. అనగా నలువది యేండ్లు వోటు రైతుదే గాని మాట భూస్వామిది. పల్లెలలోని వ్యవసాయ కూలీలకు 1884లో, అదియు గృహస్థులైన పురుషులకే, వోటు దొరకెను. స్త్రీలకు పురుషులతో సమానముగ లభించుటకు 1928 రావలసివచ్చెను.

మన చెన్నరాజధానిలోను 1919 చట్టము క్రింద పల్లెవారి వోటు ముఖ్యముగ భూమిని బట్టియే యుండెను. 1921లో శాసనసభ స్త్రీలకున్న అడ్డు తొలగించెను. కాని ఆస్తి నిబంధన తొలగలేదు గనుక, పట్టా భర్తపేర నున్న ఇల్లాలికి దానివలన కలిగిన లాభము స్వల్పమే. వయస్సు వచ్చిన ప్రతివారికిని వోటు 1950 రాజ్యాంగముతోనే సిద్ధించెను. అప్పుడు 21 యేండ్లు. 1988 సవరణచే 18.

అంతటితోనైన పని తీరెనా? 1951-52 ఎన్నికలకు పట్టికలు వ్రాయునపుడు ఉత్తరదేశమున అనేకులు స్త్రీలు తమ పేరు చెప్పక “ఫలానావారి భార్య”నని మాత్రమే చెప్పిరి. సుమారు 28 లక్షలమంది పేర్లు పట్టికలనుండి తీసివేయబడెను. నవ్వనక్కరలేదు, మన సంఘపు పుస్తకమును తిరుగవేసి చూడుడు, అందెందరు స్త్రీల పేర్లున్నవి?

క్రొత్త నాటు పద్ధతి చూపుటకు మేము పొలములకు పోయినపుడెల్ల గట్టుమీద పట్టాదారును, బురదలో కౌలుదారును, ఆడువారును కనబడుదురు. ఎరువు ఎప్పుడు రావలెనో బురదలోనివారికే బాగుగ తెలియును. ఎరువు తెప్పించు నిర్ణయము మాత్రము గట్టుమీదివారిది. గడచిన వానకాలమున అది ఆలసించి వచ్చుటకు కారణ మిదియేనని మా అభిప్రాయము.

కావున తీర్మానమును బలపరచుడని కోరుచున్నాము. ఇంకొక్క మాట. ఆనాడు చేతులెత్తించి లెక్కింపవలదు, చీటీలు వేయింపుడు. పట్టాదారు ప్రక్కనే కూర్చుండగా క్రొత్తగా చేరిన కౌలుదారుడు చేయి యెటు ఎత్తునో ఇంగ్లండువారు నలువది యేండ్లు చూచియేయున్నారు.