చెరువు కట్ట సంగతి రేడియో చెప్పకూడదా?

మా అవ్వకు చదువు రాదు గానీ, వార్తలు వినందే పొద్దు గడిచేది కాదు. పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటే రేడియో దగ్గర చేరేది. "వార్తలు చదివే ఆయమ్మ మన మదనపల్లె మనిషంట మే!" అని వీధంతా చాటింపు వేసేది, అదేదో తన కూతురే అయినట్టు.

ఆయమ్మ జోలెపాళెం మంగమ్మ. 1925లో మదనపల్లెలో పుట్టారు. అది అప్పట్లో చిత్తూరు జిల్లాలోదే. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ ఆవిడే. ఆడగొంతు పాటకో, పిల్లల కార్యక్రమానికో అయితే సరే, దేశం కబుర్లు చెప్పాలంటే మగవాళ్లే చెప్పాలి అనుకునే 1960లలో ఆ కుర్చీలో కూర్చున్నారు. అక్కడితో ఆగలేదు. చరిత్ర పరిశోధకురాలై అల్లూరి సీతారామరాజు మీద, అచ్చు పుస్తకాల చరిత్ర మీద గ్రంథాలు రాశారు. 2017లో కన్నుమూశారు. మన బడి పిల్లల్లో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసంటారు?

అవ్వకు ఒకటే కొరత. "ఢిల్లీ సంగతులు చెబుతారు సరే, మనూరి బావి ఎండిపోయిందే, అది చెప్పరేం?" అనేది. మేం నవ్వేవాళ్లం. నవ్వాల్సిన మాట కాదని ఇప్పుడు తెలుస్తోంది.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కూడా సామాజిక రేడియో పెట్టుకోవచ్చని 2006లో కేంద్రం ఒప్పుకుంది. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచునూరులో 'సంగం రేడియో' మొదలైంది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు మైకు పట్టుకుని విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ఎంత ముచ్చట!

అయితే ఒక మెలిక ఉంది. ఇలాంటి రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలే వినిపించాలి. వాతావరణం, పరీక్షల తేదీలు, నీళ్లు, కరెంటు, వరద హెచ్చరికలు మాత్రం ఫరవాలేదు.

2021 నవంబరు గుర్తుందా? తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ల వాళ్లను ఇళ్లు వదిలి వెళ్లమన్నారు. పిల్లల్ని చంకనేసుకుని, గొడ్డూగోదా ఏం చేయాలో తెలియక ఆడవాళ్లు పడిన అవస్థ ఎవరు మరిచిపోతారు? "ఊరు ఖాళీ చేయండి" అని ఆ రేడియో చెప్పొచ్చు. "కట్టను ముందే ఎందుకు బాగు చేయలేదు?" అని అక్కడి ఆడమనిషి అడిగితే మాత్రం అది వార్త అయిపోతుంది!

ఇదేం న్యాయం? అదే ప్రశ్న పేపర్లో వేయొచ్చు, టీవీలో చూపొచ్చు. సెల్‌ఫోన్లో ఎవరైనా ఏ పుకారైనా పుట్టించొచ్చు. లైసెన్సూ, చిరునామా ఉన్న రేడియోకే నోరు కట్టేశారు. రాజకీయ నాయకుల చేతుల్లో పడుతుందనీ, కులాల కుమ్ములాటకు వాడుకుంటారనీ భయం ఉంది. అది ఉత్తి భయమేమీ కాదు, ఒప్పుకుంటాను. తప్పు చేస్తే లైసెన్సు రద్దు చేయండి. ముందుగానే అందరి గొంతూ నొక్కడం ఎందుకు?

తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జర్నలిజం చదివే అమ్మాయిలున్నారు. ఊరి రేడియో వాళ్లకు మైకిచ్చి చెరువు కట్ట మీదికి పంపాలంటే ఈ నిబంధన సడలాలి. ఓట్లకు మన గడప తొక్కే ఎంపీలను ఈసారి రోడ్డూ, కుళాయీతో పాటు దీని గురించి కూడా అడగండి.