జెండాను కోసి తినుటయా పండుగ?

ఆగస్టు 15, జనవరి 26 తేదీలు దగ్గరపడగనే బేకరీల అద్దపు బీరువాలలో మువ్వన్నెల కేకులు వెలయుచున్నవి. పైన కాషాయవర్ణపు క్రీము, నడుమ తెలుపు, క్రింద పచ్చన, మధ్యను నీలిచక్రము. కోవిల్‌పట్టిలోను విరుదునగరములోను మన తెలుగువారి వేడుకలకు సయితము ఈ ఆచారము వచ్చినది. జెండా యెగురవేయుట కాగానే ముఖ్య అతిథి చేతికి కత్తి నిచ్చెదరు. ఆయన చక్రము మీదుగా కోయును. సభ చప్పట్లు కొట్టును. ఇది తగదని మా వాదము.

చట్టము దీనిని నేరమనదు గదా యని కొంద రందురు. నిజమే. 2013లో కోయంబత్తూరున జరిగిన క్రిస్మసు వేడుకలో ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల కేకుపై త్రివర్ణ భారతదేశపటమును, అశోకచక్రమును తీర్చి, కోసి పంచిరి. ఆ వ్యాజ్యములో మద్రాసు హైకోర్టు, 1971 నాటి జాతీయ గౌరవ చట్టము క్రింద అది నేరము కాదని 2021 మార్చిలో తీర్పు చెప్పినది. దేశభక్తి పేర అతి కూడదనియు హెచ్చరించినది. ఆ తీర్పు మాకు శిరోధార్యము. కేకు కోసినవారిని చెరసాలకు పంపుమని మే మడుగుట లేదు. కాని శిక్షార్హము కానిదెల్ల శ్లాఘ్యము కాదు. పెద్దల యెదుట కాళ్లు చాచి కూర్చుండుటకు ఏ చట్టమును శిక్ష విధింపలేదు. అయినను మన మట్లు కూర్చుండము. అతి యనునది శిక్షించుటలోనే గాక అలంకరించుటలోను ఉండును.

జెండా చినిగిపోయినచో దానిని ఏకాంతమున, మర్యాదతో, మేలైన పద్ధతిగా కాల్చి, లేకుండ చేయవలెనని 2002 నాటి పతాక నియమావళి చెప్పుచున్నది. చినిగినదానికే అంత మర్యాద కాగా, క్రొత్తగా తీర్చిన చక్రమును నిండుసభలో కత్తితో చీల్చుట యేమి మర్యాద? తినగా మిగిలిన నీలిక్రీము కాగితపు పళ్లెముతో చెత్తబుట్టకు చేరుటను చూడనివా రెవరు?

ఇంకొక మాట. కేకునకు కత్తి కావలెను. కత్తికి ముఖ్య అతిథి కావలెను. ఆయనకు ఫొటో కావలెను. మొదటి ముక్క వేదికమీదివారిది. వెనుక వరుసలోని పిల్లలకు దక్కునది పొడి. స్వాతంత్ర్యదినమున నేర్పవలసిన పాఠ మిదియా? 1954 నుండి 1963 వరకు ముఖ్యమంత్రిగా నుండి, బడిపిల్లల నొక్క వరుసలో కూర్చుండబెట్టి మధ్యాహ్నభోజనము పెట్టించిన కామరాజు పుట్టిన ఊరు విరుదునగరము. ఆ ఊరి పండుగలో పంక్తిభేదమా?

కోవిల్‌పట్టి కడలై మిఠాయి మన యింటిముంగిటి వస్తువు. వేరుసెనగపప్పు, బెల్లపుపాకము, పైన రంగువేసిన కొబ్బరితురుము. 2020లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. దానికి కత్తితో పని లేదు, అధ్యక్షునితో పని లేదు. ఒక్కొక్క బిళ్ల ఒక్కొక్క చేతికి చేరును; కలెక్టరు బిడ్డకెంతయో కూలివాని బిడ్డకు నంతయే.

కేకే కావలెనను వారిని మేము కాదనము. బొప్పాయిముక్కలు, కొబ్బరి, పచ్చద్రాక్ష పరచి వేడుక తీర్చుకొనుడు. అవి పండ్లు; జెండా కావు. చక్రమును, దేశపటమును మాత్రము దానిపై వ్రాయకుడు. మన సంఘము రాబోవు ఆగస్టు 15న జెండాకంబము క్రింద మిఠాయి తట్ట నుంచి, వెనుక వరుసనుండి పంచుట మొదలుపెట్టవలెనని మా కోరిక. చక్రము పైన ఎగురవలెను. తీపి క్రింద పంచవలెను. ఈ రెంటిని కలుపరాదు.