మగ్గము బిగింపక నేత యెట్లు?

సాఫ్ట్‌వేరు విద్య నేడు మన పట్టణములన్నిటను వ్యాపించినది. చిన్న పట్టణములందు సైతము ఇంజనీరింగు కళాశాలలు వెలసి, ఏటేట వేలకొలది యువకులు వానినుండి బయలువెడలుచున్నారు. వీరందఱును లినక్సునో, ఫైరుఫాక్సునో, ఆండ్రాయిడునో వాడుకొనుచున్నవారే. ఇవి యన్నియు ఎవరో తమ సోర్సు కోడును లోకమునకు విప్పిచూపి, చదువుకొనుడు, దిద్దుకొనుడు, పంచుకొనుడు అని యిచ్చిన సొత్తుతో నిర్మితమైనవి. ఆ కోడులో తన చేతితో నొక్క పంక్తి దిద్దిన యువకుని మాత్రము మనము వెదకి పట్టుకొనవలసి యున్నది. తీసికొనుట నేర్చితిమి, ఇచ్చుట నేర్వమైతిమి.

ఇందులకు మనవారికి శక్తి చాలదని కొందఱును, శ్రద్ధ చాలదని కొందఱును చెప్పుచుందురు. మేము వారితో నేకీభవింపజాలము. మేము చూచినంతవఱకు అడ్డుపడుచున్నది మిక్కిలి సామాన్యమైన విషయము: పని చేయుటకు కావలసిన చోటును సాధనములును తన కంప్యూటరుపై అమర్చుకొనుట యెట్లో వారికి ఎవరును చూపలేదు.

మా పఠనాలయమునకు వచ్చు నొక విద్యార్థి కథ చెప్పెదము. అతడు హార్ఫ్‌బజ్ అను లైబ్రరీలో పని చేయగోరెను. ఈ హార్ఫ్‌బజ్‌తో తెలుగువారికేమి యని పాఠకు లడుగవచ్చును. మనము ‘జ్ఞా’ అని వ్రాసినపుడు కంప్యూటరు లోపల దాచుకొనునది యొక్క యక్షరము గాదు. జకారము, పొల్లు గుర్తు, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంకేతములు. వీనిని కూర్చి, ఒత్తును క్రిందికి దింపి, దీర్ఘమును తగిన తావున నిలుపు పనిని ఫాంటుతో గూడి చేయునది హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడు, క్రోము, ఫైరుఫాక్సు, లిబ్రాఫీసు దీనినే యాశ్రయించియున్నవి. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులయందు ఈ ‘జ్ఞా’ యక్షరమే, నడుమ కంటికి కనబడని యొక సంకేతము చేరగా, సందేశములు చదువు కార్యక్రమములనే కూలద్రోసినది. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ సవరణ పంపువఱకు మనము చేయగలిగినదేమియు లేదు. అక్షరము మనది, దానిని కూర్చు కోడు మూతవేసిన పెట్టెలోనిది. హార్ఫ్‌బజ్ అట్టిది కాదు. దాని కోడు నెవరైనను తెఱచి చూడవచ్చును.

తెఱచి చూచుట కా విద్యార్థికి మూడు సాయంకాలములు పట్టినవి. కళాశాల నెట్‌వర్కు గిట్ సాధనమును పనిచేయనీయలేదు. ఇంటికి పోయి ఫోను డేటాతో కోడు దింపుకొనెను. మఱునాడు మీసన్ లేదని యొక ఫిర్యాదు, నింజా లేదని మఱియొకటి. అవి చేర్చిన పిమ్మట బిల్డు పూర్తియైనది గాని, అక్షరములను బొమ్మగా చూపు హెచ్‌బీ-వ్యూ అను సాధనము పుట్టనేలేదు. అందులకు కైరో యను చిత్రలేఖన లైబ్రరీ కావలయునట. తన యంత్రముపై కైరో యున్నదే యని యాతడు తల పట్టుకొని కూర్చుండెను. ఉన్నమాట నిజమే, అది కార్యక్రమములను నడుపుటకు మాత్రమే చాలును. వానిని క్రొత్తగా కట్టవలెనన్న హెడ్డరు ఫైళ్లు గల ‘డెవ్’ ప్యాకేజీ వేఱుగా తెచ్చుకొనవలెను. ఈ ముక్క మూడవ సాయంకాలమున మా పఠనాలయమున నొక ఉద్యోగి రెండు నిమిషములలో చెప్పివేసెను. ఆయన యాదినము రానిచో ఈ కుఱ్ఱవాడు నాల్గవ సాయంకాలము కూర్చుండియుండునా? మాకు నమ్మకము లేదు. ఇట్లు వెనుకకు మరలినవారి లెక్క ఎవరు వ్రాసియుంచినారు!

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు నారంభించినపుడు హెల్సింకీ విశ్వవిద్యాలయమున విద్యార్థి. అతని ప్రతిభను మన యుపన్యాసకులు వేనోళ్ల పొగడుదురు. కాని యతడు కోడును కట్టుకొనిన కంపైలరు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమమువారిది; మొదట పని చేసినది మినిక్సు అను పరుల వ్యవస్థపైన. ఒకరు సిద్ధపఱచిన చోట నింకొకరు కూర్చుండిరి. ఈ సంగతి యుపన్యాసములలో వినబడదు.

మన చేనేతవారి కిది క్రొత్తగా చెప్పనక్కఱలేదు. పోచంపల్లి చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. మేకుల చుట్టును నూలును వేలసార్లు చేతితో త్రిప్పవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆయన నేతను మార్చలేదు. నేతకు ముందటి చాకిరిని తగ్గించెను. సాఫ్ట్‌వేరులో మనకు కొఱవడినది సరిగా ఈ పనియే.

మన కళాశాలల ప్రయోగశాలలలో ఎవరో సిద్ధపఱచిన యంత్రముల యెదుట విద్యార్థి కూర్చుండి, రికార్డు పుస్తకములోని కోడు నెక్కించి, మార్కులు పుచ్చుకొని లేచును. యంత్రమును సిద్ధపఱచుట యెన్నడును పాఠము గాలేదు. ఫలితము చూచితిమి. 2020 అక్టోబరులో హ్యాక్టోబరుఫెస్టు అను నుత్సవమున, నాలుగు మార్పులు పంపినవారికి చొక్కా యిత్తుమనగా, వాచకములో నొక విశేషణము చేర్చుట వంటి నిరర్థకపు మార్పులు వెల్లువయై వచ్చి పడినవి. నిర్వాహకులు నడుమనే నియమమును మార్చవలసి వచ్చెను. పంపినవారిలో మన దేశీయులు పెక్కురుండుట మాకు తలవంపులైనది. వారు కోడును దింపుకొననులేదు, కట్టనులేదు. బ్రౌజరులో రెండు మాటలు గీకి పంపిరి. చోటు లేనివాని పని యట్లే యుండును.

కావున పఠనాలయముల కార్యదర్శులకు మా మనవి. మీ గదులలో బల్లలు కలవు, విద్యుత్తు కలదు, సాయంకాలము వచ్చు ఉద్యోగులు కలరు. వారమున కొక్క సాయంకాలము, లినక్సు పెట్టిన పాత ల్యాప్‌టాపు నొకటి, నిలకడయైన యింటర్నెట్టును ఏర్పఱుపుడు. విండోసు విడువలేని వారు దానిలోనే లినక్సును నడుపుకొను వసతి 2016 నుండి యున్నది. ఆ వాదమున కాలము వ్యర్థము చేయకుడు. మొదటనే లిబ్రాఫీసుపై పడకుడు. దానిని కట్టుటకు సామాన్య ల్యాప్‌టాపుపై గంటలు పట్టును. చిన్నదానిని తీసికొనుడు. ఒక్క యక్షరమైన మార్చకముందే పరీక్షలు నడిపి చూడుడు. లేనిచో పిదప కనబడిన తప్పు మీదో, మునుపటిదో తేలదు. పిమ్మట వేఱు శాఖ తీసికొని, మార్పెందులకో నాలుగు మాటలు వ్రాసి పంపుడు. తగిలిన ప్రతి చిక్కును తెలుగున నొక నోటుపుస్తకమునకెక్కించి బల్లమీదనే యుంచుడు. తరువాత వచ్చువానికి కైరో సంగతి తెలిసియుండును.

మా విద్యార్థి నాల్గవ సాయంకాలమున హెచ్‌బీ-వ్యూతో ‘జ్ఞా’ను తెరపై కట్టి మాకు చూపెను. ఒత్తు కొంచెము కుడికి జరిగియున్నదని మాలో నొక వృద్ధు డనెను. అది ఫాంటు దోషమో, లైబ్రరీ దోషమో యతడింకను పరిశీలించుచున్నాడు.