టాపిక్ మార్చం, వెతికే మాట మారుస్తాం



హాస్టల్లో మన సవర పిల్లల ఇంటి బెంగ మీద ప్రాజెక్టు చేస్తామంటే "మెటీరియల్ లేదు, టాపిక్ మార్చండి" అన్నారు. ఒక్క మాట కొట్టి చూసి లేదనేస్తే ఎలా ఒప్పుకుంటాం?

మనం సవర అంటాం. 1955లో వెరియర్ ఎల్విన్ సౌరా అని రాశాడు. భాషా శాస్త్రవేత్తలు సోరా అంటారు. మూడు స్పెల్లింగులూ కొట్టి మధ్యలో 'ఆర్' పెట్టాలి. బెంగకీ అంతే: హోమ్‌సిక్‌నెస్, లోన్లీనెస్, కాలేజ్ అడ్జస్ట్‌మెంట్. రెండు గుంపులకీ చెరో బ్రాకెట్, మధ్యలో 'అండ్'. అప్పటికీ రాకపోతే సవర తీసి షెడ్యూల్డ్ ట్రైబ్, ఆదివాసీ, ట్రైబల్ స్టూడెంట్స్ పెట్టాలి.

పాత పేపర్లలో మనలాంటి వాళ్లని 'డిప్రైవ్డ్' అని రాశారు. చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా ఆ మాటా కొట్టాల్సిందే. లేకపోతే మన మీద ఏం రాశారో మనకే తెలీదు, జవాబూ చెప్పలేం.

సైక్‌ఇన్ఫోకి డబ్బు కట్టాలి. పబ్‌మెడ్, శోధ్‌గంగ ఉచితం. ఫోన్లోనే చూడొచ్చు. కొట్టిన మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసి గైడ్ ముందు పెడదాం. అన్నీ వెతికాక కూడా ఏమీ దొరక్కపోతే ఆ పని మనమే మొదలుపెట్టాలి. టాపిక్ మాత్రం మార్చం.

జోహార్.