పెద్దేముల్ దాకా రాని పరిశోధన

పెద్దేముల్, తాండూరు అనగానే కంది, నాపరాయి. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కంది ఈ ఇలాకాదే. ఇక్కడి బండలు హైదరాబాదులో ఎన్ని ఇళ్లకు గచ్చయ్యాయో ఎవరు లెక్కపెట్టారు! అనంతగిరిలో పుట్టిన మూసీ ఉస్మాన్‌సాగర్‌ నింపి నగరం దాహం తీర్చింది. ఇంత ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నా, మన నగర సాహిత్యంలో ఈ వికారాబాద్ జిల్లా ఊసు అరుదు.

సాహిత్యం పట్టించుకోని నేల సంగతిని పరిశోధన పట్టించుకుంది. నగరాన్ని దాని నేల ధర వైపు నుంచి చదివిన వాళ్లలో హైదరాబాదు పరిశోధన సంస్థ సెస్‌లో పనిచేసిన భూగోళ శాస్త్రజ్ఞుడు సి. రామచంద్రయ్య ముఖ్యుడు. (మంత్రిగా చేసిన రామచంద్రయ్య వేరు. ఆయన పేరు అందరికీ తెలుసు, ఈయన పేరు తెలియదు. మన పత్రికల తీరు అది.) 2004లో షీలా ప్రసాద్‌తో కలిసి, నగరం పెరిగేకొద్దీ చెరువులు ఏమవుతున్నాయో రాశారు. 2009లో హైదరాబాదు మెట్రో మీద, 2016లో అమరావతి మీద. ఒకదానికొకటి పొంతన లేనట్టున్న ఈ మూడింట్లోనూ వెతికింది ఒకటే: భూమి విలువ పెరిగితే ఆ పెరిగిన విలువ ఎవరికి చేరుతోంది?

మెట్రో కథే చూడండి. ప్రభుత్వాన్ని సొమ్ము అడగాల్సిన మేటాస్ కూటమి, తానే ఎదురు 30,311 కోట్లు కడతానంది. టికెట్లమ్మి అంత డబ్బు తేవడం ఎక్కడి మాట? ఢిల్లీ మెట్రో శ్రీధరన్ 2008లోనే లేఖ రాసి హెచ్చరించారు. అసలు సరుకు రైలు కాదు, దాని చుట్టూ దక్కే స్థలాలు. 2009 జనవరిలో మేటాస్ యజమానుల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ బండారం బయటపడింది, జులైలో మెట్రో ఒప్పందం రద్దయింది. తత్వవేత్త లెఫెబ్ర్ 1968లో ఫ్రాన్సులో నగరం మీద హక్కు గురించి రాస్తే సిద్ధాంతం. అది మన దగ్గర టెండరు కాగితాల్లో దొరికింది.

ఇప్పుడా లెక్క ఈ జిల్లాకే వచ్చింది. 2024 నవంబరులో దుద్యాల మండలం లగచర్లలో ఫార్మాకు భూములివ్వబోమని రైతులు తిరగబడ్డారు, అరెస్టులయ్యాయి. నెలాఖరుకు ఆ నోటిఫికేషన్ పోయింది, వెంటనే పారిశ్రామిక పార్కు పేరుతో ఇంకొకటి వచ్చింది.

మరో దారి లేదా అంటే, ఉత్తరాన జహీరాబాదు వైపు ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు బీడు భూములు సాగుచేశారు, విత్తనాలు దాచారు, ఊళ్లో పండిన జొన్నతోనే సొంత రేషను నడిపారు. 2008లో మాచ్‌నూరులో సొంత రేడియో పెట్టారు. సొసైటీని నడిపిన పి.వి. సతీశ్ 2023లో పోయారు, సంఘాలు ఉన్నాయి. అయితే వాటిని పటం కట్టి పూజించడం మాకు ఇష్టం లేదు. ఆ సంఘాలున్న న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోనే నిమ్జ్ అనే పారిశ్రామిక ప్రాంతం కోసం వేల ఎకరాల సేకరణ నడిచింది. చిరుధాన్యం ఎంత పండించినా, ఎకరం రేటు ముందు సంఘం ఎన్నాళ్లు నిలబడుతుందన్నది ఇంకా తేలని విషయం.

రామచంద్రయ్య ముఖ్యమైన వ్యాసాలు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. నేల పోగొట్టుకున్న రైతుకు అందని భాష అది. ఇందులో తప్పు పరిశోధకులది మాత్రమే కాదు. కథకూ కవితకూ పేజీలిచ్చి, సర్వే నంబరు అనగానే ముఖం తిప్పుకున్నది మన సాహిత్య పత్రికలే. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో నేల గురించిన వ్యాసానికి కథతో సమానంగా చోటుంటుంది. క్వారీలో బండ కొట్టినవాళ్లు, కంది అమ్మినవాళ్లు, ప్లాట్ల బ్రోకర్లుగా తిరిగినవాళ్లు, పట్టా పోయినవాళ్లు రాయండి. రాయలేనివాళ్లు చెప్పండి, మేం వచ్చి రాసుకుంటాం.