వంద రూపాయల కాగితం, వేల రూపాయల భయం

మేడ్చల్‌లో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కన సాయంత్రం పూట ఒక్క గంట నిలబడి చూడండి. జొన్నరొట్టెల పొయ్యిలు, మిర్చి బండ్లు, టిఫిన్ బండ్లు, చాయ్ డబ్బాలు వరుసగా కనబడతాయి. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో షిఫ్టు దిగినవాళ్లు, లారీ డ్రైవర్లు, హాస్టల్ పిల్లలు అక్కడే తింటారు. ఆ పొయ్యిల ముందు కూర్చున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఉట్నూరు నుంచి, ఆసిఫాబాద్ నుంచి, భద్రాచలం నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. రొట్టె కొట్టే చేతులు తప్ప వేరే పెట్టుబడి లేనివాళ్లు.

మాకు వదిన వరసయ్యే ఒకామె బండి దగ్గరికి ఒకరోజు ఒక మనిషి బైకు మీద వచ్చాడు. "ఫుడ్ లైసెన్స్ ఏది?" అన్నాడు. తన గుర్తింపు కార్డు మాత్రం చూపలేదు. నాలుగు రొట్టెలు, కూర కట్టించుకున్నాడు. "బండి ఎత్తేస్తాం, జైలుకు పోతావు" అని బెదిరించి రెండు వేలు తీసుకుపోయాడు. రసీదు లేదు. అతనిది నిజంగా ఏ ఆఫీసో ఈనాటికీ తెలియదు. మరునాడు ఆమె కాగితం కోసం ఇంటర్నెట్ సెంటరుకు పోతే అక్కడ పదిహేను వందలు అడిగారు.

అప్పుడు మేము చట్టం తెరిచి చదివాం. ముందే చదవాల్సింది. టీచర్లమై ఉండి చదవకపోవడం మా తప్పే.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఏం చెబుతుంది? 31వ సెక్షన్ రెండో భాగం ప్రకారం తోపుడు బండివాళ్లకు, తిరిగి అమ్ముకునేవాళ్లకు, చిన్న చిన్న తయారీదారులకు లైసెన్స్ అక్కరలేదు. పేరు నమోదు చేసుకుంటే చాలు. 2011 నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్లను ఈ చిన్నవాళ్ల లెక్కలో చేర్చి, ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టాయి. దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో అధికారులు ఏ సంగతీ చెప్పకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని కూడా రాశాయి. లైసెన్స్ లేకపోతే శిక్ష అని చెప్పే 63వ సెక్షనే ఈ చిన్నవాళ్లను మినహాయించింది. మరి "జైలు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? మన తెలియనితనం నుంచి వచ్చింది.

నమూనా కోసం తీసుకున్న తిండికి అధికారి మామూలు ధర చెల్లించాలని ఇదే చట్టం చెబుతుంది. కారణం లేకుండా వేధించే అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. కానీ అదే 39వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఫిర్యాదు అబద్ధమని తేలితే ఫిర్యాదు చేసినవాళ్లకు 50 వేలకు తక్కువ కాకుండా జరిమానా. రోజుకు ఐదారు వందలు మిగిలే మనిషి ఈ మాట విన్నాక నోరు తెరుస్తుందా?

మేము శుభ్రతకు వ్యతిరేకం కాదు. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక తల్లి చనిపోయింది, ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. మంచి పనే. మన బండి మీద కూడా తిండికి మూత ఉండాలి, నూనె మార్చాలి, చేతులు కడుక్కోవాలి. కడుక్కోవడానికి రోడ్డు పక్క నల్లా ఏది అని అడిగే హక్కు కూడా మనకుండాలి.

2024 జనవరిలో మాదాపూర్‌లో కుమారి ఆంటీ బండిని ట్రాఫిక్ పేరుతో పోలీసులు ఆపితే, ముఖ్యమంత్రి చెప్పాక మళ్లీ పొయ్యి వెలిగింది. ఆమెకు న్యాయం జరిగినందుకు మాకూ సంతోషమే. కానీ ఆమె వీడియోలు లక్షల మంది చూశారు. మన వదిన వీడియో ఎవరూ చూడలేదు. ముఖ్యమంత్రి నోటిమాట మీద దొరికేది దయ. అందరికీ ఒకేలా దొరికితేనే హక్కు.

ఇంకో ప్రశ్న. ఈ చట్టం దృష్టిలో ఆహార వ్యాపారం అంటే లాభం కోసం చేసేది ఒక్కటే కాదు. లాభం ఉన్నా లేకున్నా, ప్రైవేటైనా ప్రభుత్వానిదైనా తిండి వండిపెట్టే చోటంతా దీని కిందికే వస్తుంది. అంటే మన ఆశ్రమ పాఠశాలల వంటగదులు కూడా. 2024లో వాంకిడి ఆశ్రమ పాఠశాలలో తిన్న తిండితో జబ్బుపడిన పిల్లల్లో ఒక ఆదివాసీ అమ్మాయి నవంబరులో నిమ్స్‌లో ప్రాణం విడిచింది. రొట్టెల బండి దగ్గరికి బైకు మీద వచ్చే తనిఖీ, ఆ వంటగదులకు ప్రతి నెలా ఎందుకు పోదు? అమ్ముకునే మన చేతుల మీద అంత అనుమానం ఉన్నప్పుడు, తినే మన పిల్లల మీద అంత నిర్లక్ష్యం ఏమిటి?

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. దరఖాస్తు ఫారం తెలుగులో ఉండాలి. సంత జరిగే రోజు సంతలోనే నమోదు చేయాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు తమ కార్డు చూపాలి. తప్పు ఉంటే దిద్దుకోవడానికి గడువిస్తూ కాగితం మీద రాసివ్వాలి. హాస్టల్ వంటగదుల తనిఖీ ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ప్రభుత్వం చేసేదాకా కూర్చోవద్దు. మీ చేతిలో ఫోన్ ఉంది. ఒక్క ఆదివారం మీ ఊరి సెంటరుకు పోయి మనవాళ్ల బండ్లు లెక్కపెట్టండి. ఒక్కొక్కరి ఫారం నింపండి. గోండిలోనో కోయలోనో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. టీచర్లు తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ చట్టాన్ని ఒక్క పీరియడ్ చెప్పండి.

మా వదిన ఫారం మేమే నింపాం. ఖర్చు వంద రూపాయలే అయింది. కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి బండికి కట్టుకుంది. ఇప్పుడు ఎవరైనా బైకు ఆపి అడిగితే, ఆమె కాగితం చూపి "మీ కార్డు చూపండి సారూ" అంటుంది.