అర్జీని ముందు పల్లెలో చదవండి

మన పల్లెల్లో అర్జీ రాయటం చదువుకున్న ఒక్కడి పనైపోయింది. వాడొక్కడే కూచుని రాస్తాడు, నలుగురి చేత వేలిముద్రలు వేయిస్తాడు, బస్సెక్కి ఇచ్చొస్తాడు. మేమూ అట్లాగే చేశాం.

పిల్లలు సాయంత్రం పూట చదువుకోటానికి ఒక గది కావాలని గ్రాంటుకు అర్జీ పెట్టాం. మూడు పేజీలు. శతాబ్దాల అణచివేత, విముక్తి అన్నీ రాశాం. పిల్లలెందరో రాయలేదు, స్థలం ఎవరిదో రాయలేదు. వివరాలు చాలవని ఒక్క ముక్కతో తిరిగొచ్చింది.

రెండోసారి రాసింది పంపేముందు వేపచెట్టు కింద అందరికీ చదివి వినిపించాం. నాట్లేసి వచ్చిన ఆడవాళ్లూ కూచున్నారు. ఒక పెద్దమ్మ అడిగింది: "గది కట్టిత్తారు సరే అయ్యా, తాళం ఎవరికాడుంటది? కరెంటు బిల్లు ఎవరు కడతారు?" డిగ్రీలున్న మాకు ఆ మాటే తట్టలేదు. ఇంకొకామె, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఆ చెరువుగట్టు మీంచి ఎట్టా వస్తారంది. దాంతో స్థలమే మార్చాం. నలభై మంది పిల్లలని రాస్తే ఒక కుర్రాడు లెక్కపెట్టారా అన్నాడు. లెక్కపెడితే 27. అదే రాశాం. ఊరివాళ్ల అర్జీలో తప్పుంటే అది రాసినవాడి తప్పు. మన అర్జీలో తప్పుంటే కులం మొత్తం అబద్ధాలకోరు అంటారు.

పెద్దకులం కుర్రాడు అర్జీ రాస్తే ఇంట్లోనే దిద్దేవాళ్లుంటారు. బాబాయి ప్లీడరు, మేనమామ గుమాస్తా. మనకెవరున్నారు? 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్లిన బాబాసాహెబ్‌కి, అంతకుముందు కాలేజీ చదువుకు డబ్బు లేనప్పుడు ఆ మహారాజుకు చెప్పి సాయం ఇప్పించింది కేలూస్కర్ అనే మాస్టారు. అట్లాంటి మాస్టారు ప్రతి పల్లెకూ దొరకడు. చెట్టుకింద నలుగురు మాత్రం దొరుకుతారు. దళారీ దగ్గరికి పోతే డబ్బు తీసుకుంటాడు గానీ తప్పెక్కడుందో చెప్పడు. చెబితే మళ్లీ వాడి గడప తొక్కం గదా!

తిరిగొచ్చిన అర్జీని కూడా పారెయ్యకండి. ఎందుకు కాదన్నారో, ఫైల్లో ఏం రాసుకున్నారో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగటానికి మనవాళ్లు జంకుతున్నారు. ఆఫీసరుకి కోపమొస్తుందట. రానివ్వండి.

మా రెండో అర్జీ ఇచ్చి రశీదు తీసుకున్నాం. జవాబింకా రాలేదు. నకలు మా దగ్గరుంది. మీ పల్లెలో రాయబోయేవాళ్లు వచ్చి చూడండి. అందులో తప్పులు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి.